తెలిసిన మందుకు క్రిమి ఎందుకు లొంగదు?

ఒకప్పుడు మందు బిళ్ల కనబడితే చాలు, క్రిములు హడలి చచ్చేవి. అందుకే బిళ్లకు పౌరుషం కాస్త ఎక్కువ.

ఆ రోజుల్లో పేగులో కాపురముండే ఓ క్రిమికి దేన్నీ పట్టుకోవడం చేతకాదు. అది దారితప్పి మూత్రం దారిలోకి వెళ్లినా, ధార వచ్చి బయటికి ఈడ్చి పారేసేది.

అంకమ్మ మిరప కల్లంలో తొడిమలు తీసేది. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. అడిగితే మేస్త్రీ, "నీళ్లు తక్కువ తాగండమ్మా, సరిపోద్ది" అన్నాడు. నోరెలా వచ్చిందో ఆ మహానుభావుడికి. పొద్దుగూకేదాకా ఆమె గొంతు తడుపుకునేది కాదు.

ధార తగ్గింది. క్రిమికి తీరిక దొరికింది. ఒంటినిండా కొక్కేలు మొలిపించుకుని లోపలిగోడను కరుచుకుంది. పిల్లల్ని పెట్టింది. అంకమ్మకు మంట పుట్టింది, కారం రాసినట్టు.

డాక్టరమ్మ బిళ్లలిచ్చి, "తగ్గినా ఆపొద్దు, అన్నీ మింగాలి" అని మరీ చెప్పింది. బిళ్ల లోపలికి దిగి క్రిముల్ని ఊచకోత కోసింది. రెండు రోజులకే మంట చల్లారింది.

"తగ్గిందిగా వదినా, మిగతాయి దాచిపెట్టు. మళ్లీ వస్తే పనికొస్తయ్" అంది ఆడపడుచు సామ్రాజ్యం. అంకమ్మ వాటిని పోపులపెట్టెలో మెంతుల పక్కన పెట్టింది.

బిళ్లకు ఒళ్లు మండిపోయింది. "యుద్ధం మధ్యలో నన్ను మెంతుల్లో పడుకోబెడతారా? లోపల శత్రువు ఇంకా బతికే ఉన్నాడు" అని అరిచింది. ఎవరికి వినబడుతుంది?

చావు తప్పి కన్ను లొట్టపోయిన క్రిములు కొన్ని ఒకచోట చేరాయి. "దాని దెబ్బ ఎట్లా ఉంటుందో చూశాం. ఇక కాచుకోవడం నేర్చుకుందాం" అనుకున్నాయి. నేర్చుకున్నాయి కూడా.

కొన్నాళ్లకు అవి కిడ్నీదాకా ఎగబాకాయి. అంకమ్మకు చలిజ్వరం, విపరీతమైన నడుంనొప్పి. దాచిన బిళ్లలు మింగింది.

"రావమ్మా, నీకోసమే చూస్తున్నాం" అన్నాయి క్రిములు. బిళ్ల శక్తికొద్దీ కొట్టింది. ఒక్కటీ చావలేదు.

"నా సత్తువ తగ్గలేదు. నన్ను సగంలో ఆపి, నా చేతే వీటికి పాఠం చెప్పించారు" అని బిళ్ల కోపంతో ఏడ్చింది.

అంకమ్మను పెద్దాసుపత్రికి మోసుకుపోయారు. మందు మీద మందు మార్చి ఎలాగో బతికించారు గానీ, ఒక కిడ్నీ దక్కలేదు.

అప్పటినుంచే ఆ క్రిమి కొక్కేలతో కరుచుకుంటుంది. అప్పటినుంచే తెలిసిన మందుకు లొంగదు. పైగా నేర్చిన విద్యను కడుపులో దాచుకోదు. ఎదురుపడ్డ ప్రతి క్రిమికీ చెప్పిపోతుంది.