నాంచారమ్మ మచ్చు విల్లు

రండి, రండి. ఆ దిండు మధ్యలో పెట్టుకోండి, దానికోసం కొట్టుకు చావకండి. చంటీ, కాళ్ళు కడుక్కున్నావా? సరే. ఊ కొట్టడం ఆగిందంటే కథ కూడా ఆగిపోతుంది, ముందే చెప్తున్నాను.

అనగనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక ఊరు. ఆ ఊరివాళ్ళందరికీ ఒకటే పని, కొండదారికి కాపలా కాయడం. అడివిపందులు చేలమీద పడకుండా, దొంగలు దారి దాటి రాకుండా చూడాలి. అందుకని ఎప్పటి రాజో ఇంటికొక చెక్క భూమి ఇచ్చాడు. కావలి మాన్యం అనేవాళ్ళు దాన్ని. ఆ చెక్కలో పండిన జొన్నలే ఇంటిల్లిపాదికీ కూడు.

కాపలావాళ్ళు కదా, ఇంటికో విల్లుండేది. ఎక్కడుండేది? గోడకి! పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి తగిలించేవాళ్ళు. పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకు ముందు మోసుకెళ్ళేవాళ్ళు. ఎవరి విల్లు ఎంత బరువైతే వాళ్ళకంత పరువు. పక్కింట్లో ఇద్దరు మోసే విల్లుందంటే వీళ్ళు ముగ్గురు మోసేది చేయించేవాళ్ళు. ఆ నారి, అంటే విల్లుకి కట్టే తాడు, దాన్ని లాగి బాణం వేసి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పందులొస్తే డప్పు కొట్టి తరిమేవాళ్ళు. దొంగలంటారా, వీళ్ళ అదృష్టం బాగుండి రాలేదు.

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒక కోడలు. మొగుడు బుచ్చెన్న, అత్త గవరమ్మ. గవరమ్మ గొంతు లేచిందంటే వీధిలో కోళ్ళు కూడా గంప కిందకి దూరేవి. అలాంటిది ఆవిడ. పాపం, బుచ్చెన్న మంచె మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచం పట్టాడు. సరిగ్గా అప్పుడే పాత రాజు పోయి కొత్త రాజొచ్చాడు. కుర్ర రాజు, ప్రతిదీ తేల్చుకోవాలంటాడు. దండోరా వేయించాడు. కోతలయ్యాక దళవాయి, అంటే సేనాపతి, వస్తాడట, ఇంటికొకరొచ్చి గీత దగ్గర నిలబడాలట, అవతల గుంజమీద గుమ్మడికాయ పెడతారట. మనిషికి ఒక్కటే బాణం. గుచ్చుకుంటే మాన్యం ఉంటుంది, లేకపోతే పోతుంది.

ఊరంతా గొల్లుమంది. నాంచారమ్మ ఇంటి సంగతి చూడండి. మొగుడు లేవలేడు, అత్త ముసల్ది, చంటిది ఉయ్యాల్లో ఉంది. ఆ చెక్క పోతే గంజికి కూడా గతిలేదు. ఇంక నిలబడాల్సింది ఎవరు? తనే.

అత్త దగ్గరకెళ్ళి చెప్పింది. గవరమ్మ ముందు నవ్వి, తర్వాత తిట్టి, ఆ తర్వాత వేరే దారి లేదు గనక గోడమీది తాతలనాటి విల్లు దింపించింది. నాంచారమ్మ గొడ్లసావిడి వెనక నిలబడి దాన్ని లాగింది. ఏం లాగుతుంది నా మొహం! చెయ్యి వణికితే భుజం వణికింది, భుజం వణికితే నడుం వణికింది, నడుం వణికితే కాలు జారింది, కాలు జారితే బాణం వెళ్ళి పక్కింటివాళ్ళ పెరుగు దుత్తలో పడింది. నారి తగిలి ముంజెయ్యి కమిలిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పక్కింటావిడ దుత్తలన్నీ లోపల పెట్టుకుంది. నవ్వకండర్రా, దానికి ఏడుపొస్తుంటే!

అప్పుడు నాంచారమ్మ కూర్చుని ఆలోచించింది. నేను బాణం వెయ్యడం ఎక్కడ నేర్చుకుంటున్నాను, ఈ విల్లుతో కుస్తీ పట్టడమే సరిపోతోంది. చెయ్యి వణక్కుండా ఉంటే కదా కాలు ఎక్కడ పెట్టాలో, చూపు ఎక్కడ నిలపాలో తెలిసేది! నాకు తేలిక విల్లు కావాలి అనుకుంది.

అనుకుంటే అయిపోయిందా? సంతకెళ్ళింది. అక్కడ పిల్లలాడుకునే ఈనెపుల్లల విల్లుంది, లాగితే పుటుక్కుమంది. ఇంకో కొట్లో రాజుగారి పిల్లలు నేర్చుకునే విల్లుంది. చక్కగా తేలిగ్గా ఉంది, కొసలు రెండూ ముందుకి ఒంపు తిరిగి ఉన్నాయి, వాటికి వెండి పొన్నులు తొడిగారు. దానికి కొట్టువాడు పాడావునీ దూడనీ కలిపి అడిగాడు. మా ఆవునీ ఇవ్వను, నీ విల్లూ వద్దు అని వచ్చేసింది. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరింట్లో చూసినా ముగ్గురు మోసేవే. తేలిక విల్లా, మా వంశంలోనే లేదమ్మా అని ఛాతీ విరుచుకుని చెప్పేవాళ్ళు.

చివరికి విల్లులు చేసే కోటప్ప ఇంటికెళ్ళింది. తేలిక విల్లు అనగానే ఆయన చెవులు మూసుకున్నాడు. అలాంటిది చేస్తే తన పేరు చెడుతుందిట, రేపు ఎవడొస్తాడు తన గుమ్మంలోకి అన్నాడు. నాంచారమ్మ లేవబోతూ పెరట్లోకి చూసింది. కోటప్ప పెళ్ళాం పొయ్యిలోకి ఏదో విరుస్తోంది. చూస్తే విల్లు! సన్నగా, కొసలు ముందుకి తిరిగి, అచ్చం సంతలో చూసినట్టే. వెండి ఒక్కటే తక్కువ.

సంగతేమిటంటే, పెద్ద విల్లు చేసేముందు కోటప్ప సన్న వెదురుతో మచ్చుకి ఒకటి చేసి, ఒంపు సరిగ్గా వచ్చిందో లేదో లాగి చూసుకునేవాడు. చూసుకున్నాక దాన్ని పొయ్యిలోకి విసిరేసేవాడు. నాంచారమ్మ పరిగెత్తుకెళ్ళి ఆవిడ చేతిలో విరగబోతున్నదాన్ని పట్టుకుంది. నారి తగిలించి లాగింది. గడ్డందాకా వచ్చింది, వణకలేదు. ఒరేయ్, దాని ప్రాణం లేచొచ్చింది!

కోటప్ప ససేమిరా అన్నాడు. ఆయన పెళ్ళాం మాత్రం, ఎలాగూ బూడిదయ్యేదే కదా, ఒక డబ్బాడు సున్నుండలు చేసిపెట్టమను, ఇచ్చెయ్యి అంది. ఇంట్లో మినుములున్నాయి, నెయ్యి ఉంది, బేరం కుదిరింది. ఎవరు చేశారో చచ్చినా చెప్పకూడదని కోటప్ప ఒట్టు వేయించుకున్నాడు.

ఇంక చూసుకోండి. పొద్దున్న పాలు పితికాక, మధ్యాహ్నం చంటిది పడుకున్నాక, సావిడి వెనక అదే పని. ముందు బాణమే లేకుండా లాగేది, మెల్లిగా వదిలేది. కాలు కుదిరితే నడుం కుదిరింది, నడుం కుదిరితే భుజం కుదిరింది, భుజం కుదిరితే వేలు కుదిరింది, వేలు కుదిరితే చూపు కుదిరింది. తేలిక విల్లు కదా, బాణం దూరం వెళ్ళేసరికి కిందకి వాలేది. అయితే కాస్త పైకి చూసి వేసేది. ఎంత పైకి అనేది వేసి వేసి తెలుసుకుంది. పక్కింటావిడ మళ్ళీ దుత్తలు అరుగుమీద పెట్టుకోవడం మొదలెట్టింది.

నిద్రపోయారా? లేదా? సరే, ఇప్పుడే అసలు గొడవ.

దళవాయి వచ్చే రోజు పొద్దున్నే నాంచారమ్మ సావిడిలోకి వెళ్తే గడ్డిలో దాచిన విల్లు లేదు. వెతికింది, వెతికింది, ఎక్కడా లేదు. గుమ్మంలో అత్త నిలబడుంది, పక్కన కొత్త దండ కట్టిన తాతలనాటి విల్లు. ఊరి ముందు ఆ పుల్ల పట్టుకుని నిలబడతావా, పైనున్న మీ మామ తల ఎక్కడ పెట్టుకోవాలి అని మొదలెట్టింది. పోతే మాన్యమే పోతుంది, పరువు పోకూడదంది.

నాంచారమ్మ అరవలేదు. "అత్తా, నీ మాట కాదనను. ఈ విల్లే పట్టుకెళ్తాను. కానీ దీంతో నాచేత కాదు, అది నీకూ తెలుసు. సాయంత్రం మనవరాలు ఆకలని ఏడిస్తే పరువు నువ్వే కలిపి పెట్టు" అంది. అని, ఆ బరువంతా భుజాన వేసుకుని నడిచింది.

లోపల చంటిది లేచి కేరుమంది. అంతే, ముసల్ది గబగబా గాదె మూత తీసి, జొన్నల్లోంచి ఆ విల్లు లాగి, చీరకొంగు కప్పుకుని కోడలి వెనక పరిగెత్తింది.

అక్కడ గీత దగ్గర తమాషా మీరు చూడాలి. ఒకాయన ముగ్గురి సాయంతో విల్లెక్కుపెట్టాడు, బాణం కొండవతల పడింది. ఇంకొకాయన బాణం డప్పులోకి దూరింది. ఇంకొకాయన నారి లాగలేక తనే వెనక్కి పడ్డాడు. దళవాయి మీసం కింద నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు.

నాంచారమ్మ వంతొచ్చింది. అత్త వచ్చి చేతిలో మచ్చు విల్లు పెట్టింది. జనం ఒకటే నవ్వు. పిల్లల ఆటకి తెచ్చారా అని ఎవడో అన్నాడు. గవరమ్మ వెనక్కి తిరిగి, "నోరు ముయ్యండి! మీ ఏనుగు విల్లులన్నీ ఏం కూల్చాయో చూశాం. నా కోడలు వేస్తుంటే ఎవడైనా కిక్కురుమన్నాడో!" అంది. కోళ్ళు సరే, దళవాయి గుర్రం కూడా రెండడుగులు వెనక్కేసింది.

ఆ విల్లు పనికొస్తుందా అని నాంచారమ్మ దళవాయినే అడిగింది. రాజుగారు గుచ్చుకోవాలన్నారు గానీ విల్లు బరువెంతో చెప్పలేదు అన్నాడాయన. కాలు పెట్టింది, నడుం నిలిపింది, భుజం దించింది, నారి గడ్డందాకా లాగింది, కాస్త పైకి చూసింది, వదిలింది. బాణం బద్ధకంగా గాల్లో ఒంగి వెళ్ళి... తప్! గుమ్మడికాయ నడిబొడ్డున.

గవరమ్మ కోడలి కమిలిన ముంజేతిని పట్టుకుని అక్కడే భోరున ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ ఈ దెబ్బలు చూసి కూడా అడగలేదే నేను అని ఏడ్చింది.

మిగతావాళ్ళ మాన్యాలు? తియ్యొద్దని నాంచారమ్మే బతిమాలింది. దళవాయి వచ్చే కోతలదాకా గడువిచ్చాడు. అందరికంటే గట్టిగా అరిచింది ఎవరనుకున్నారు? కోటప్ప! ఆ విల్లు చేసింది నేనే, నేనే అని గుండెలు బాదుకుని మరీ చెప్పాడు. ఒట్టు వేయించుకున్నది తనే కదా, సిగ్గులేదు.

మర్నాడు తెల్లారేసరికి ఆయన గుమ్మం ముందు మగాళ్ళ వరస. ఒక్కొక్కడూ తల గోక్కుంటూ, ఒక తేలిక విల్లు చేసిపెట్టు కోటప్పా, నాక్కాదులే, మా చంటాడికి అనడమే. వాళ్ళలో సగంమందికి పెళ్ళే కాలేదు!

విన్నారుగా. నేర్చుకునేటప్పుడు మన చెయ్యి మొయ్యగలిగిందే పట్టుకోవాలి, చూసేవాళ్ళ కోసం పట్టుకోకూడదు. ఇంక కథ కంచి బండెక్కేసింది, మీరు దుప్పట్లో దూరండి. దీపం తగ్గిస్తున్నాను.