కిర్రు చెప్పుల గవరమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, ఊళ్ళో అంటే కొండ కింద సగం, కొండ మీద సగం ఉన్న ఊళ్ళో, గవరమ్మ అనే మంత్రసాని ఉండేది. మంత్రసాని అంటే తెలుసుగా బంగారూ? అమ్మ కడుపులోంచి వచ్చే పాపాయిని భద్రంగా చేతుల్లోకి తీసుకునే ఆవిడ. ఊఁ కొట్టు మరి, లేకపోతే కథ ఆగిపోతుంది.

గవరమ్మ చేతులు వెన్నపూస. కాళ్ళే పాపం, రాళ్ళ దారిలో తిరిగి తిరిగి పగిలిపోయాయి. అందుకని సంతలో తళతళలాడే చెప్పులు కొనుక్కుంది. అవి కరిచాయి. చెప్పులకి పళ్ళుంటాయా అని నవ్వకు, కరిస్తే తెలుస్తుంది! అప్పుడు ఇంకో జత కొంది. అవి వదులై జారిపోయాయి. ఆ తర్వాత మూడో జత కొంది. అవి కొండెక్కుతుంటే సగం దారిలో పుటుక్కున తెగాయి. గవరమ్మ కుంటుకుంటూ వెళ్ళేసరికి పాపాయి పుట్టేసి కేరుకేరుమంటోంది. తల్లి ఒక్కతే బిక్కచచ్చిపోయి ఉంది.

"గవరమ్మకి ఓపిక తగ్గిందే. ఇంక పిలవొద్దు," అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. ఆ మాట చెవినపడి గవరమ్మకి ముద్ద దిగలేదు. పిలిచేవాళ్ళే లేకపోతే ఇంక తానెందుకు?

అప్పుడు చెప్పులు కుట్టే ముత్యాలు తాత దగ్గరికి వెళ్ళింది. తాత ఆమె కాళ్ళ ముందు కూర్చుని, "చెప్పు," అన్నాడు.

గవరమ్మ తన గోడంతా వెళ్ళబోసుకోవడం మొదలుపెట్టింది. తాత పకపకా నవ్వాడు.

"నిన్ను కాదే తల్లీ, నీ కాలిని అడుగుతున్నా. కాలు చెప్పింది వింటేనే అది చెప్పు."

తడి మట్టిలో నడిపించి అడుగులు చూశాడు. కుడికాలికంటే ఎడమకాలు కాస్త పొడుగు!

"ఒక్క తల్లికి పుట్టినా రెండు కాళ్ళూ ఒకటి కావమ్మా. సంత చెప్పులకి ఈ సంగతి ఎవరు చెబుతారు?"

తాత మొదట తోలు నానబెట్టాడు. ఆ తర్వాత ఏ కాలి కొలత ఆ కాలికి కోసి కుట్టాడు. ఆ తర్వాత ఆముదం పట్టించాడు. "తెగితే పారెయ్యకు, పట్రా. కుట్టినవాణ్ణి ఇక్కడే ఉన్నాగా," అన్నాడు.

గవరమ్మ తొడుక్కుంది. కరవలేదు, జారలేదు. కానీ అడుగేస్తే కిర్రు! ఇంకో అడుగేస్తే కిర్రు!

"ఇదేం గోల తాతా? ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీవే. మంచి తోలు మాట్లాడుతుంది."

నిజంగానే ఊరు నవ్వింది. గవరమ్మకి సిగ్గేసింది. అయినా కాళ్ళకి హాయిగా ఉంది కదా, విప్పలేదు.

ఒకనాడు పొద్దున్నే మంచు కమ్మేసింది. ఎదురుగా ఉన్న మనిషి కనబడడు. కొండ మీద సన్యాసమ్మకి నొప్పులొచ్చాయి. తొలిచూలు, పాపం. వేరే దిక్కు లేక గవరమ్మకే కబురు వెళ్ళింది గానీ, ఈ మంచులో వస్తుందని ఎవరికీ నమ్మకం లేదు. "రాదు, గవరమ్మ రాదు," అని సన్యాసమ్మ ఒకటే ఏడుపు.

అప్పుడు ఎక్కడో దూరంగా కిర్రుమంది. సన్యాసమ్మ ఏడుపు ఆపింది. ఆ తర్వాత మలుపు దగ్గర కిర్రు, కిర్రు. సన్యాసమ్మ పళ్ళు బిగించి ఓర్చుకుంది. ఆ తర్వాత వాకిట్లోనే కిర్రు, కిర్రు, కిర్రు!

"వచ్చేశానే అమ్మా," అంటూ గవరమ్మ చెప్పులు విడిచి, కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికొచ్చింది. బంగారు బొమ్మలాంటి ఆడపిల్ల ఆ వెన్నపూస చేతుల్లోకి వచ్చింది.

ఆ తర్వాత ఊళ్ళో ఏ తల్లికి నొప్పులొచ్చినా, కిర్రు వినబడితే చాలు, సగం భయం పోయేది. ఆ చెప్పులు కూడా అరిగినప్పుడల్లా ముత్యాలు తాత చేత అడుగున కొత్త అట్టలు వేయించుకుంటూ, గవరమ్మ నడిచినన్నాళ్ళూ నడిచాయి. ఆ మంచురోజు పుట్టిన పిల్లని మాత్రం వాళ్ళమ్మ సన్యాసమ్మ ముద్దుగా కిర్రమ్మ అని పిలిచేది.

ఆ కిర్రమ్మ ఇప్పుడెక్కడుందా? రేప్పొద్దున నేను పాలకి వెళ్ళేటప్పుడు నా చెప్పులు విను. నీకే తెలుస్తుంది.

కథేమో కంచికి,
చెప్పులేమో వాకిటికి,
మనమేమో ఇంటికి,
నిద్దరేమో కంటికి!