తవిటయ్య పడుకునే రోజు

అనగనగనగా, కుళాయిని చూసి మీ తాతగారి తాత కూడా నోరు తెరిచిన రోజుల్లో, గుట్ట కింద ఒక ధర్మాసుపత్రి ఉండేది. గుట్ట మీద నీళ్ల ట్యాంకు. ట్యాంకు పక్కన ఇనప చక్రం. చక్రం తిప్పితే ఆసుపత్రికి నీళ్లు. తిప్పకపోతే తిట్లు. ఆ చక్రం తిప్పే మనిషి తవిటయ్య.

తవిటయ్య మంచివాడు. చీమ ఎదురొచ్చినా పక్కకి తప్పుకునేవాడు. ఉన్నదొక్కటే జబ్బు, నిద్ర. అన్ని మందులున్న ఆసుపత్రిలో దానికే మందు లేదు. లక్ష్మివారం సంతకెళ్లి, కడుపునిండా తిని వచ్చి, చక్రానికి తల ఆనించేవాడు. అంతే సంగతులు.

ఒక లక్ష్మివారం డాక్టరమ్మ చేతులకి సబ్బు రాసుకుంది. కుళాయి బుస్సుమంది, నీళ్లు రాలేదు. నురగ చేతులతోనే గుట్టెక్కింది.

"తవిటయ్యా!"

"కళ్లు మూశానంతేనమ్మా, పడుకోలేదు."

పై లక్ష్మివారం కట్లు కట్టే పోలయ్య పొయ్యి మీద గంగాళం పెట్టాడు. కుళాయి బుస్సుమంది. గంగాళమొక్కటే కాగింది. పోలయ్య గుట్టెక్కాడు.

"తవిటయ్యా!"

"కళ్లు మూశానంతే బావా, పడుకోలేదు."

ఆ పై లక్ష్మివారం వంటమనిషి నూకాలు పప్పు మాడింది. నూకాలు గరిటె పట్టుకుని మరీ గుట్టెక్కింది.

"తవిటయ్యా!"

"కళ్లు మూశానంతే అక్కా, పడుకోలేదు."

"మరి ఆ గురక నీ సక్రానిదేటి?"

ఆ రోజు నుంచి బుధవారం సాయంత్రానికే ఆసుపత్రంతా బిందెలు, బానలు నింపి మూతలు పెట్టుకునేది. నింపినంతసేపూ తవిటయ్యని తిట్టేది.

కొన్నాళ్లకి తవిటయ్య పోయాడు. నిద్రలోనే పోయాడు, ఇంకెలా పోతాడు! నూకాలు పక్కన కూలబడి, "కళ్లు మూశానంతే అక్కా అని ఒక్కసారి అనరా," అని ఏడ్చింది.

తర్వాత చక్రం తిప్పడానికి సన్యాసి అనేవాడు వచ్చాడు. రెప్ప వేయని మనిషి. వేళకి నీళ్లు రావడం మొదలైంది. బిందెలు బోర్లా పడుకున్నాయి. బానల్లో కోళ్లు గుడ్లు పెట్టాయి. నూకాలు మాత్రం బుధవారం బుధవారం తన బిందెలు నింపుతూనే ఉంది.

"తవిటయ్య చచ్చిపోయాడు కదే!" అని పోలయ్య నవ్వాడు.

"ఆడు సచ్చినా నాను నమ్మను," అంది నూకాలు.

ఒక లక్ష్మివారం ఎర్నమ్మకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మ చేత్తో సరిచెయ్యాలి. కుళాయి తిప్పితే బుస్సుమంది. గుట్ట మీంచి బండ దొర్లి గొట్టం విరిగి, ట్యాంకులో నీళ్లన్నీ గుట్ట పాలయ్యాయి. సన్యాసి చక్రాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చివరికి దాని చుట్టూ తనే తిరిగాడు. ఏరు చూస్తే అల్లంత దూరం.

"కడగని చేత్తో ముట్టుకుంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు," అంది డాక్టరమ్మ.

పోలయ్య ఒక బానలోకి తొంగి చూశాడు. ఖాళీ. రెండోదాంట్లోకి చూశాడు. ఖాళీ. మూడోదాంట్లోకి వంగితే కోడి ఎగిరి మొహం మీద పడింది.

అప్పుడు వంటింట్లోంచి నూకాలు వచ్చింది. చంకన ఒక బిందె, నెత్తిన ఒక బిందె. "తప్పుకోండర్రా!"

ఒక బిందె నీళ్లు మరిగించారు. వాటితో చేతులు కడిగారు, కత్తెర కడిగారు, బిడ్డని కడిగారు. బిడ్డ ఏడ్చింది. ఎర్నమ్మ నవ్వింది. నవ్వి, నూకాలుకి దండం పెట్టబోయింది.

"నాకెందుకే? ఆ తవిటయ్యకెట్టు. ఆడు సక్కగా పన్జేసుంటే నాను బిందె ముట్టుకునేదాన్నా?"

ఆసుపత్రి మరి ఊరుకోలేదు. ఇప్పటికీ అక్కడ లక్ష్మివారం పొద్దున్నే, గొట్టం నిక్షేపంలా ఉన్నా సరే, చక్రం కట్టేస్తారు. మధ్యాహ్నం దాకా బిందెల నీళ్లతోనే పని. కొత్తగా వచ్చిన డాక్టర్లు కుళాయి తిప్పి, బుస్సుమనిపించుకుని, "నీళ్లేవయ్యా?" అని కేకలేస్తారు.

పాతవాళ్లు నోటి మీద వేలేసుకుని చెబుతారు:

"మెల్లగా అండీ. ఇవాళ తవిటయ్య పడుకునే రోజు."