మలుపుకు గూటాలు కొట్టిన మద్దిలేట్లు

దొడ్డిపల్లెలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పుట్టిందని పెద్ద మద్దిలేటి, నడిపి మద్దిలేటి, చిన్న మద్దిలేటి, అన్నదమ్ములు ముగ్గురికీ గట్టి నమ్మకం. ఎవరైనా "మద్దిలేటీ" అంటే ముగ్గురూ పలుకుతారు. ఒక్కడే పలికితే మిగతా ఇద్దరికీ అన్యాయం కదా.

ఆ ఊరికి బస్సు లేదు. పెద్దోడి పెళ్ళాం ఈరమ్మ వంకాయల గంప నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్ళు నడిచి సంతకు పోతుంది. ఆమె మెడ పట్టుకుని మూలిగినప్పుడల్లా పెద్దోడికి ప్రాణం తరుక్కుపోతుంది. ఇన్నాళ్ళకు రోడ్డు మంజూరైంది. ఊరి దగ్గర రోడ్డు మలుపు ఎటు తిరగాలో చూపించే కొయ్య గూటాలు నేలలో కొట్టే పని వీళ్ళకే దొరికింది. సాయంత్రానికి మలుపు సరిగ్గా లేకపోతే ఇంజనీరు రోడ్డును పక్క ఊరికి మళ్ళిస్తాడట.

ఓవర్సీరు మధ్యలో ఒక గూటం కొట్టి, దానికి వందడుగుల తాడు కట్టాడు. మలుపు మొదట్లో ఒక ఎర్ర జెండా, చివర్లో ఒక ఎర్ర జెండా పాతాడు. "తాడు కొస పట్టుకోని, బిగువు తగ్గకుండా నడుచుకుంటా, పదడుగులకొక గూటం కొట్టండి. ఏది అడ్డమొచ్చినా ఆగొద్దు" అని చెప్పి భోజనానికి పోయాడు.

అంతే, ముగ్గురూ బయల్దేరారు. రెండో జెండా అడ్డమొచ్చింది, ఆగలేదు. గడ్డివామి అడ్డమొచ్చింది, పక్కకు లాగేశారు. పెరట్లో సంగటి వండుకుంటున్న ఓబులమ్మ అడ్డమొచ్చింది. లెక్క ప్రకారం గూటం సరిగ్గా పొయ్యిలోకి వచ్చింది.

"రవ్వంత లేయక్కా, నీ పొయ్యి మీంద బస్సు పోవల్ల" అన్నాడు పెద్దోడు.

ఇంకేముంది, ఓబులమ్మ తెడ్డు తిరగేసింది. వీపులు రుద్దుకుంటూనే గూటం దిగ్గొట్టారు.

తిరిగి తిరిగి మొదటి జెండా దగ్గరికే వచ్చారు.

"ఈడ ఎవురో ముందే కొట్నారు కదన్నా" అన్నాడు చిన్నోడు.

"మన మాదిరే తెలివైనోళ్ళు కొట్టింటార్లేరా" అన్నాడు పెద్దోడు.

ఓవర్సీరు వచ్చి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "రెండు జెండాల నడుమ ఉండేటివి ఉంచి, తక్కినవి పీకండ్రా" అని చెప్పి ఓబులమ్మను బతిమాలుకోవడానికి పరుగెత్తాడు.

పెద్దోడు ఇటునుంచి చూశాడు, అటునుంచి చూశాడు. ఎటు చూసినా గూటాలన్నీ జెండాల నడుమే ఉన్నాయి. తక్కినవి అంటే జెండాలే. రెండూ పీకేశాడు.

అంతలో జీపు వచ్చింది. "గూటాల వెంట పోనీ, ఎర్ర జెండా కనిపిస్తే ఆపు" అన్నాడు ఇంజనీరు డ్రైవరుతో. జీపు ఒక చుట్టు తిరిగింది. రెండు చుట్లు తిరిగింది. మూడోది కూడా తిరిగింది.

పెద్దోడికి సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈరీ, దినానికొక బస్సొస్తే చాలనుకుంటిమి, అప్పుడే మూడొచ్చె. గంప ఎత్తుకో" అని ఇంట్లో ఉన్న ఈరమ్మను కేకేశాడు. నాలుగో చుట్టులో జీపు మెల్లగా వస్తుంటే ఈరమ్మను గంపతో సహా వెనక ఎక్కించాడు.

ఐదో చుట్టుకు కళ్ళు తిరిగి ఇంజనీరు జీపు ఆపమన్నాడు. ఈరమ్మ గంపతో ఎక్కిన చోటే దిగింది. జీపు అటునుంచి అటే పక్క ఊరి దారి పట్టింది.

ఈరమ్మ గంప దించి, ఎదురుగా ఉన్న మొగుణ్ణి చూసి బుగ్గన వేలేసుకుంది. "నాకంటే ముందే సంతకొచ్చినావే, ఏ బస్సుకొచ్చినావు?"

పెద్దోడు చుట్టూ చూశాడు. సంతలో జనం లేనప్పుడే కొనుక్కోవడం తెలివనుకుని, ఆమె గంపలోవే రెండు కేజీల వంకాయలు బేరమాడాడు.