అవ్వ చేతి వెలగ పాకం

ఏడువాగుల అడవిలో ఎలుగుబంట్లు, ముళ్ళపందులు, కుందేళ్ళు, నెమళ్ళు ఇరుగుపొరుగుగా ఉండేవి. వానలు వెనకబట్టి ఆకాశం తేటపడిందంటే చాలు, అక్కడ వెలగపండ్లు రాలే కాలం వచ్చినట్టే. తెల్లవారుతూనే టప్, టప్ మని చప్పుడు వినిపించేది. ఆ చప్పుడుకు పిల్లలు పక్కల మీద నుంచి లేచి ముఖాలైనా కడుక్కోకుండా పరుగెత్తేవాళ్ళు. ఎంత మంచి రోజులవి!

ఆ అడవిలో గొడుగుబండ కింద కంబళమ్మ అనే ఎలుగుబంటి ఇల్లు ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు డంబు, చిన్నది రేగు. కిందటేడు దాకా కంబళమ్మ తల్లి కూడా ఆ ఇంట్లోనే ఉండేది. పిల్లలు ఆమెను అవ్వా అని పిలిచేవాళ్ళు. ఏటా వెలగ పాకం వండేది ఆ అవ్వే.

అవ్వ పద్ధతి అవ్వది. చెట్టెక్కి కొమ్మలు ఊపనిచ్చేది కాదు. రాలినవే ఏరాలి. ఏరినదాన్ని మోకాలెత్తు నుంచి బండ మీద వదలాలి. ఎగిరితే అది పచ్చికాయ. ఎగరకుండా చతికిలబడితే పండు.

"ఎగిరెగిరిపడేదానికి లోపల ఇంకా వగరే ఉంటుందిరా," అనేది అవ్వ, డంబు వైపు చూస్తూ.

పండ్లు పగలగొట్టి, గుజ్జు తీసి, తేనె పోసి, మట్టి కుండలో సన్నని సెగ మీద పొద్దుగూకేదాకా ఉడికించేవాళ్ళు. పిల్లలిద్దరూ వంతులు వేసుకుని గరిటె తిప్పేవాళ్ళు. "నా వంతు ఇంకా అవలేదు," "నువ్వు ఎక్కువ తిప్పావు," అని కొట్టుకునేవాళ్ళు కూడా. ఇల్లంతా తియ్యని వాసన కమ్ముకునేది.

చివర్లో అవ్వ దూలానికి వేలాడే సొరకాయ బుర్రను దించేది. అందులో నిరుటి పాకం పిడికెడు, తేనెలో నానుతూ ఉండేది. పాలల్లో తోడు వేసినట్టు అందులోంచి గోరంత తీసి కొత్త కుండలో కలిపేది. పాకం చల్లారాక కొత్తదాంట్లోంచి కొంచెం తీసి మళ్ళీ బుర్రలో పెట్టేది.

"ఇందులో మా అమ్మ చెయ్యి ఉంది. వాళ్ళమ్మ చెయ్యీ ఉంది," అని చెప్పేది.

ఆ తర్వాత రెండు మోదుగాకు దొప్పల్లో పాకం పెట్టి పిల్లల చేతికిచ్చేది. ఒకటి కుందేలు తాతకు, ఒకటి ముళ్ళపంది సూదత్తకు. "గోరంత దాచుకోమన్నానని చెప్పండి. మా ఇంట్లో అయిపోతే మీ ఇంటికే వస్తాం," అని నవ్వేది.

డంబుకు ఇది నచ్చేది కాదు. "చేతులు నొప్పిపుట్టేలా తిప్పేది మనం, తినేది వాళ్ళా?" అని మూతి ముడిచేవాడు. కిందటేడు కుందేలు తాతకు ఇవ్వాల్సిన దొప్పను దారిలోనే నాకేశాడు. రేగు మాత్రం తన దొప్పను చుక్క ఒలకకుండా సూదత్తకు ఇచ్చి వచ్చింది. ఆ అత్తను డంబు ముళ్ళబుట్ట అని వెక్కిరించేవాడు.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో అవ్వ చనిపోయింది.

మళ్ళీ వెలగపండ్లు రాలసాగాయి. అవ్వ లేకుండా వండడం కంబళమ్మకు అదే మొదటిసారి. పండ్లు ఏరుతున్నంతసేపూ ఆమె కళ్ళు చెమరుస్తూనే ఉన్నాయి. "అమ్మ లేకపోయినా ఆ బుర్రలో అమ్మ చెయ్యి ఉందిలే," అని తనకు తానే చెప్పుకుంది.

"నేను తేనెకు వెళ్ళొస్తాను. బుర్ర జోలికి మాత్రం పోకండి," అని పిల్లలకు చెప్పి వెళ్ళింది.

అమ్మ అటు వెళ్ళిందో లేదో డంబు పొయ్యి రాజేశాడు.

"అన్నయ్యా, అమ్మను రానీ!" అంది రేగు.

"అమ్మ వచ్చేసరికి పాకం తయారుగా ఉండాలి. నేనేం చిన్నవాణ్ణా? గడప మీద నిలబడితే నా తల దూలానికి తగులుతోంది చూడు," అన్నాడు డంబు.

అమ్మ ఏరినవి చాలవని చెట్టు ఊపి బుట్టెడు కాయలు రాల్చాడు. బండ మీద వదిలి చూసే ఓపిక ఎక్కడిది? పచ్చివీ పండినవీ కలిపి కుండలో వేశాడు. సన్నని సెగ ఎందుకని పెద్ద మొద్దులు ఎగదోశాడు. రుచి చూస్తే గొంతు పట్టేసేంత వగరు.

"గోరంత ముద్దకే అంత రుచి వస్తే, మొత్తం వేస్తే ఇంకెంత వస్తుందో!" అనుకున్నాడు. రేగు చెయ్యి పట్టుకుని లాగుతున్నా వినకుండా సొరకాయ బుర్ర దించి, ఉన్నదంతా కుండలో బోర్లించాడు.

తేనె పడగానే పాకం అడుగంటింది. చూస్తూ ఉండగానే మాడి బొగ్గయింది.

కంబళమ్మ తేనెపట్టుతో గుమ్మంలోకి వచ్చేసరికి ఇల్లంతా పొగ. ఆమె కుండ వైపు చూడలేదు. దూలం వైపు చూసింది. ఖాళీ బుర్రను ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడింది.

"మా అమ్మ పోయిందిరా. ఇప్పుడు నిజంగా పోయింది," అంది.

అమ్మ తిట్టినా బాగుండేది, రెండు దెబ్బలు వేసినా బాగుండేది. ఆ మాట వినేసరికి డంబు గుండె కలుక్కుమంది. మూల నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

అప్పుడు రేగు మెల్లగా అంది. "అమ్మా, గోరంత దాచుకోమని అవ్వ వాళ్ళకు చెప్పేది కదా? వాళ్ళ ఇళ్ళలో ఉంటుందేమో!"

డంబు మొదట కుందేలు తాత ఇంటికి పరుగెత్తాడు.

"ఏటా మరుసటి ఏటికని గోరంత ఉంచుకునేవాళ్ళం నాయనా," అన్నాడు కుందేలు తాత. "కిందటేడు దొప్ప రాలేదు. అంతకుముందుది అయిపోయింది. మీ అవ్వకు ఒంట్లో బాగాలేదేమో, మమ్మల్ని మర్చిపోయిందేమో అనుకున్నాం. ఆమె పోయేముందు ఒకసారి చూసి రావలసింది. పిలవకుండా ఎలా వెళ్ళడం అని ఊరుకున్నాను."

డంబుకు తల ఎత్తబుద్ధి కాలేదు. "అవ్వ మర్చిపోలేదు తాతా. దారిలో నేనే తినేశాను," అన్నాడు.

కుందేలు తాత డంబు తల నిమిరాడు. తర్వాత, "నిజం చెప్పావు, అంతే చాలు. పోయి మీ సూదత్తను అడుగు," అన్నాడు.

ముళ్ళబుట్ట అని వెక్కిరించిన సూదత్త గుమ్మం ముందే డంబు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. జరిగిందంతా ఏమీ దాచకుండా చెప్పాడు.

"ఏరా, ముళ్ళబుట్టతో పని పడిందా?" అంది సూదత్త. డంబు బిక్కమొహం వేశాడు. ఆమె లోపలికి వెళ్ళి చిన్న వెదురు గొట్టం తెచ్చింది. "ఇది మీ చెల్లెలు తెచ్చిన దొప్పలోది. మీ అవ్వ చేతిది. సగం నువ్వు పట్టుకెళ్ళు. మిగతా సగం నా దగ్గరే ఉంటుంది. మీ ఇంట్లో నీలాంటి వంటవాడు ఉన్నాడుగా!"

మర్నాడు డంబు ఒక్కో పండునూ మోకాలెత్తు నుంచి వదిలి చూశాడు. ఎగిరినదాన్ని పక్కన పెట్టాడు. సన్నని సెగ మీద పొద్దుగూకేదాకా గరిటె తిప్పాడు. చేతులు లాగుతున్నా తన వంతు అయిందని అనలేదు. చివర్లో కంబళమ్మ సూదత్త ఇచ్చిన ముద్దలోంచి గోరంత తీసి కలిపింది. మిగిలినది బుర్రలో భద్రం చేసింది.

ఆమె గరిటె కొసన రుచి చూసింది. కళ్ళు మూసుకుంది.

"అమ్మ చెయ్యే!" అంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా ముఖం నిండా నవ్వే.

"దొప్పలు ఎవరు పట్టుకెళ్తారు?" అని అడిగింది.

"నేను," అన్నాడు డంబు. "కుందేలు తాతకు రెండు పెట్టమ్మా. ఒకటి కిందటేటిది."

అన్నీ పంచి వచ్చేసరికి పొయ్యి చల్లారింది. కుండ ఖాళీ అయింది. తనకు మిగల్లేదని డంబు మూతి ముడవలేదు. కుండ కడగబోయాడు.

"ఆగు అన్నయ్యా," అంటూ రేగు తన వీపు వెనక దాచిన గరిటె తీసింది. అన్నయ్య కోసమని దాన్ని ఆమె నాకకుండా ఉంచింది. గరిటె నిండా పాకం అలాగే ఉంది.

నీతి: మనకే అని దాచుకున్నది ఒక్క పొరపాటుతో పోతుంది; పొరుగువారితో పంచుకున్నది మన అవసరానికి మన గుమ్మానికే తిరిగి వస్తుంది.