ఎప్పుడూ నలభై మందే

ఇనాయతుల్లాకి పట్టికలంటే పిచ్చి. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. కాగితం మీద నిలువు గీతలు, అడ్డ గీతలు గీస్తే తేలని సమస్య ఉండదని అతని నమ్మకం. సంతలో వంకాయలు కొనడానికి కూడా పట్టిక వేస్తాడని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. అతను పట్టించుకునేవాడు కాదు.

ఈసారి మాత్రం పట్టిక మొండికేసింది.

కూతురు సకీనా ఆరో తరగతిలో చేరాలి. ఆడపిల్లలు ఉండి చదువుకునే బడులు రెండింటికి పరీక్ష రాసింది. ఒకటి కొండ మీద, ఇంకొకటి కాలవ గట్టున. ఒక్కోదానికి రెండు వేల మంది రాస్తే నలభై మందిని తీసుకుంటారు. సకీనాకి రెండింట్లోనూ సీటొచ్చింది. సోమవారంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

మామూలు పిల్లయితే ఇంత బెంగ ఉండేది కాదు. రెండేళ్ళ కిందట తల్లి పోయింది. అప్పటినుంచి సకీనా పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేసింది. మాట్లాడుతుంది, తింటుంది, తండ్రి కంటే వేగంగా లెక్కలు చేస్తుంది. పేరు పిలిస్తే మాత్రం ఇంకెవరినో పిలిచినట్టు కిటికీ వైపు చూస్తుంది. చెవులు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. పిల్ల మనతోనే ఉండి, మన చేతికి అందకుండా పోతోందని ఇనాయతుల్లాకి భయం. చదువు గట్టిగా చెప్పాలి, పిల్లని కడుపులో పెట్టుకుని చూడాలి. ఆ రెండూ ఉన్న బడి దొరక్కపోతే ఈ పిల్ల ఇక తిరిగి రాదనుకున్నాడు.

ఇరవై ఒక్క గడులతో పట్టిక వేశాడు. ఫలితాలు, ల్యాబు, భోజనం, వార్డెన్ స్వభావం, అన్నిటికీ మార్కులేసి కూడితే రెండు బడులకీ సరిగ్గా ఎనభై నాలుగు వచ్చింది. మూడుసార్లు కూడాడు. అంతే వచ్చింది.

ఆ కాగితం పట్టుకుని గురువు ఫక్రుద్దీన్ పీరు దగ్గరికి వెళ్ళాడు. దర్గా వెనక వసారాలో ఆయన పాత గుడ్డలతో బొంత కుట్టుకుంటున్నారు. కాగితం అందుకుని కాసేపు చూశారు.

"గీతలు తిన్నగా గీసినావు నాయనా," అని తిరిగి ఇచ్చేశారు.

"ఏ బడి, హజ్రత్?"

"పొద్దున హాజరు పిలిచేటప్పుడు మనల్ని లోపల కూర్చోనిస్తారా?"

ల్యాబు చూద్దామంటారనో, వంటగది చూద్దామంటారనో అనుకున్నాడు ఇనాయతుల్లా. హాజరు అతని పట్టికలోనే లేదు.

"అడుగుతాను హజ్రత్."

"బిడ్డను కూడా తీసుకుని రా."

*

బుధవారం కొండ బడికి వెళ్ళారు. తుడిచిన మెట్లు, కొలిచి కత్తిరించినట్టున్న పూలమొక్కలు. మూడువందల మంది పిల్లలున్న చోట చెప్పుల చప్పుడు కూడా వినిపించలేదు. ప్రిన్సిపాల్ వసుంధరాదేవి చేతులు జోడించి ఎదురొచ్చింది. ఆమెకి పిల్లలంటే ప్రేమే. శుక్రవారం పూట తన చేత్తో పిల్లలందరికీ తలకి నూనె పెడుతుందట. వార్డెన్లని అమ్మా అని పిలిపిస్తుందట. ఇనాయతుల్లా మనసులో మార్కులు పెంచుతూ వెళ్ళాడు.

ఆరో తరగతి గదిలో నలభై మంది. అందరికీ ఒకేలా రెండు జడలు. టీచరు హాజరు పట్టీ తెరిచింది.

"ఒకటి."

"హాజర్."

"రెండు."

"హాజర్."

ఇనాయతుల్లా ప్రాణం లేచివచ్చింది. ఇక్కడ పేర్లు లేవు! పేరుకి పలకని పిల్లకి ఇంతకంటే ఏం కావాలి? అంకెలైతే సకీనాకి ఇష్టం కూడా. నలభై దాకా ఒక్క అంకె కూడా ఖాళీ పోలేదు. ఒకే ఎత్తులో, ఒకే గొంతేమో అన్నంత సమంగా పలికారు.

పీరుసాహెబు కర్ర ఊతంగా లేచి పదిహేడో నంబరు పిల్ల దగ్గరికి వెళ్ళారు.

"ఈ చోట నీకంటే ముందు ఎవరు కూర్చునేవాళ్ళు తల్లీ?"

"ఎవరూ లేరు తాతగారూ," అంది ఆ పిల్ల చక్కగా నవ్వి.

పక్కపిల్లని అడిగారు. "ఎవరూ లేరు తాతగారూ." నవ్వు కూడా అదే.

మూడో పిల్ల వైపు తిరిగారు. ఆయన ఇంకా నోరు తెరవలేదు.

"ఎవరూ లేరు తాతగారూ," అంది ఆ పిల్ల.

గదిలో ఎవరూ కదల్లేదు. పీరుసాహెబు ఇనాయతుల్లా చెయ్యి పట్టుకుని బల్ల మీద పెట్టి మెల్లగా జరిపారు. పాతకాలపు టేకు బల్ల, నల్లబడి గరుకుగా ఉంది. ఒక చోట వేళ్ళు కిందికి దిగాయి. అక్కడ చెక్క తెల్లగా, నున్నగా ఉంది. చిత్రిక పట్టారు. ఒక్కసారి కాదు, ఎన్నోసార్లు పడితేనే చెక్క అంత లోతు అరుగుతుంది. పక్క బల్ల మీదా ఒక గుంట. ఆ పక్క బల్ల మీద రెండు. పిల్లలందరూ అతని చేతినే చూస్తున్నారు. అతనికి ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది.

"పిల్లలు పేర్లు చెక్కుకుంటారండీ," అంది వసుంధరాదేవి మామూలుగా. "చదువు అందుకోలేకో, బెంగపెట్టుకునో కొందరు వెళ్ళిపోతారు. ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తాం. మర్నాటికి ఆ నంబరులో ఇంకో పాప వస్తుంది. వెళ్ళినవాళ్ళ ఊసు ఎత్తకూడదని పిల్లలకి నేర్పించాం. ఎత్తితే మిగతావాళ్ళు బాధపడతారు కదండీ."

"నిజమే మేడమ్," అన్నాడు ఇనాయతుల్లా. "నేనూ ఇంట్లో అదే చేశాను. దాని తల్లి బట్టలు, ఫోటోలు అన్నీ తీయించేశాను. ఆమె పేరు ఎత్తొద్దని చుట్టాలకి కూడా చెప్పాను. పిల్ల తట్టుకోలేదని."

పీరుసాహెబు అతని వైపు ఒకసారి చూశారు. ప్రిన్సిపాల్ని అడిగారు. "ఈ ఏడు ఎంతమంది పోయినారమ్మా?"

ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు.

"మా దగ్గర ఎప్పుడూ నలభై మందేనండీ."

సకీనా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రాలేదు.

*

గురువారం కాలవ బడికి వెళ్ళారు. గోడలకి చెమ్మ. వరండాలో ఆరేసిన తువ్వాళ్ళు. పిల్లల గోల గేటు దాకా వినిపిస్తోంది. ఇనాయతుల్లా రాత్రే మనసులో కొండ బడికి ఓటేసి వచ్చాడు. ఇక్కడికి వచ్చింది గురువుగారి మాట కాదనలేకే.

ఆరో తరగతి టీచరు ఓబులమ్మ. నలభై ఏళ్ళుంటాయి, ముక్కు మీద కళ్ళజోడు. పట్టీ తెరవగానే గోల ఆగిపోయింది.

"గంగులమ్మ."

"హాజర్ టీచర్."

"హుస్సేన్‌బీ."

"హాజర్ టీచర్."

"చంద్రకళ."

ఎవరూ లేవలేదు. కిటికీ పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. అప్పుడు గదిలో ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా అన్నారు.

"వస్తుంది."

ఓబులమ్మ పట్టీలో ఏదో రాసుకుని ముందుకెళ్ళింది. ఇంకో పది పేర్లయ్యాక, "ముంతాజ్," అని పిలిచింది.

రెండో వరసలో ఒక చోటు ఖాళీ.

"వస్తుంది," అన్నారు అందరూ.

ఆ ఖాళీ చోటు ముందు ఒక నోటుపుస్తకం తెరిచి ఉంది. పాఠం మొదలయింది, భిన్నాల లెక్కలు. పక్కనున్న పిల్ల తన పుస్తకంలో ఒక వరస రాసి, చెయ్యి చాపి ఆ పుస్తకంలో ఒక వరస రాస్తోంది.

సకీనా ఎప్పుడు లోపలికి వెళ్ళిందో అతను చూడలేదు. ఆ పుస్తకం దగ్గర నిలబడి ఒక వరస మీద వేలు పెట్టింది. ఓబులమ్మ వచ్చి వంగి చూసింది.

"అవునమ్మా, తప్పే. పుల్లమ్మా, ముంతాజ్ పుస్తకంలో తప్పు రాసినావు. నీ పుస్తకంలో ఒప్పే ఉంది కదా? ఎవరు చూస్తారులే అనుకున్నావా? పేజీ అంతా మళ్ళీ చెయ్యి."

పుల్లమ్మ తలవంచుకుని పేజీ అంతా మళ్ళీ రాసింది. సకీనా పక్కనే నిలబడి చివరిదాకా చూసింది.

గంట కొట్టాక ఇనాయతుల్లా టీచరుని వరండాలోకి పిలిచాడు.

"ఎవరమ్మా వాళ్ళిద్దరూ?"

"చంద్రకళ దసరాకి ఇంటికి పోయి బెంగపెట్టుకుని తిరిగి రాలేదండీ. ఆరు నెలలాయ. నెలకోసారి పోయి పాఠం చెప్పి వస్తా. మొన్న నాతో బస్సు దాకా వచ్చింది."

"మరి ముంతాజ్?"

ఓబులమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"వానాకాలంలో జ్వరం వచ్చి పోయింది సార్, నా చేతుల్లోనే. పట్టీలో పేరు కొట్టేసినా. మరుసటిరోజు హాజరు పిలిస్తే ఒక్క బిడ్డ కూడా పలకలేదు. ముప్పై తొమ్మిది మంది నా మొహం చూస్తా కూర్చున్నారు. వాళ్ళ పేర్లకి వాళ్ళే పలకలేదు సార్. మూడు రోజులు అట్లనే. నాలుగో రోజు భయమేసి ఆ పేరు కూడా పిలిచినా. అప్పుడు పలికినారు."

"పోయిన పిల్ల ఎలా వస్తుందమ్మా?"

"నేనూ అదే అడిగినా. వాళ్ళు చెప్పలేదు. నేను మళ్ళా అడగలేదు." కళ్ళజోడు పెట్టుకుంది. "ఆ పుస్తకాలు నెలనెలా వాళ్ళమ్మకి పంపుతాం. అందుకే తప్పులుండకూడదంటా."

*

కాలవ గట్టు మీద బస్సు కోసం నిలబడ్డారు. మిట్టమధ్యాహ్నం. నీళ్ళు కదులుతున్నట్టు కూడా లేవు.

ఇనాయతుల్లా ఆపుకోలేకపోయాడు. "హజ్రత్, చదువు బాగుంది, కాదనను. కాని పోయినవాళ్ళ పేరు రోజూ పిలవడమేమిటి? నాకే వెన్నులో చలి పుట్టింది. తల్లి పోయిన పిల్లని ఆ గదిలో ఎలా కూర్చోబెట్టను? కొండ బడిలో కనీసం మరిచిపోనిస్తారు."

పీరుసాహెబు కర్ర మీద రెండు చేతులూ ఆనించి కాలవ వైపు చూస్తున్నారు.

"నీ ఇంట్లో ఎంతమంది నాయనా?"

"ఇద్దరం, హజ్రత్."

"హాజరు పిలువు."

ఇనాయతుల్లాకి నవ్వొచ్చింది. గురువుగారు నవ్వడం లేదు. సరేనని గొంతు సవరించుకున్నాడు.

"సకీనా."

పిల్ల కాలవ అవతలికి చూస్తూ నిలబడింది. పలకలేదు.

"సకీనా!"

పలకలేదు. అవతలి గట్టున ఎవరూ లేరు. అయినా పిల్ల ఎవరి కోసమో చూస్తున్నట్టే ఉంది. ఇనాయతుల్లాకి ఏడుపొచ్చింది.

"చూశారా హజ్రత్? రోజూ ఇదే."

"వరస తప్పినావు నాయనా," అన్నారు పీరుసాహెబు నెమ్మదిగా. "పెద్దవాళ్ళ నుంచి పిలువు."

ఇనాయతుల్లా నోరు తెరిచాడు. పేరు రాలేదు. పదమూడేళ్ళు కాపురం చేసిన మనిషి పేరు. మొహం గుర్తుంది, గొంతు గుర్తుంది, అన్నం వడ్డిస్తూ కూనిరాగం తీయడం గుర్తుంది. పేరు ఉండాల్సిన చోట తడిమి చూసుకుంటే నున్నగా తగిలింది. తన తలలో చిత్రిక పట్టిందెవరో అతనికి తెలుసు.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రండి రండని అరిచాడు. ఎవరూ కదలకపోయేసరికి తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. దుమ్ము అణిగిపోయింది. పీరుసాహెబు ఒక్క అక్షరం కూడా అందించలేదు.

చాలాసేపటికి ఇనాయతుల్లా పెదవులు కదిలాయి.

"బిల్కీస్," అన్నాడు. మళ్ళీ గట్టిగా, కాలవ అవతలికి వినపడేలా పిలిచాడు. "బిల్కీస్!"

ఎవరూ పలకలేదు. నీళ్ళ మీద చిన్న అల లేచి సద్దుమణిగింది. అతను చెంపలు తుడుచుకుని వరసలో రెండో పేరు పిలిచాడు.

"సకీనా."

పిల్ల ఇటు తిరిగింది.

"ఏం అబ్బాజాన్?" అంది.