పోలమ్మ పందిరి, తుమ్మెద ఇల్లు

అనగనగా, కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, పొగమంచు కమ్మిన ఒక కొండ రాజ్యం ఉండేది. ఆ రాజుగారికి ఒక దూరదేశపు వర్తకుడు ఒక పండు కానుక ఇచ్చాడు. ఇప్పుడు మనం ప్యాషన్ ఫ్రూట్ అంటామే, అదే. పైన పసుపు డొప్ప, లోపల పులుపూ తీపీ కలిసిన గుజ్జు. రాజుల కాలంలో ఆ పండెక్కడిదని నన్నడక్కండి. కథ నాది, పండూ నాదే.

రాజుగారు ఆ రసం ఒక్క గుక్క తాగి లొట్టలేశారు.

"ఈ పండు మన కొండల్లో పండాలి. బండ్లకెత్తి పట్నాలకు పోవాలి" అన్నారు.

తోట వెయ్యమని ఒక గుట్టకు ఇవతలి వాలు పోలమ్మ అనే రైతుకు, అవతలి వాలు ఆమె మరిది దాలినాయుడికి ఇచ్చారు. ఒక్కటే షరతు. తొలి కాపు సరిగా రాకపోతే ఆ వాలు రెండోవాళ్లదైపోతుంది. పోలమ్మ మొగుడు పోయిన మనిషి. ఆ వాలు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

దాలినాయుడు రాతి స్తంభాలు నాటించి దర్జాగా పందిరి వేశాడు. పోలమ్మ అడవి నుంచి ఎండు వెదురు గడలు మోసుకొచ్చి తన పందిరి తానే కట్టుకుంది. తీగలు రెండుచోట్లా బాగానే పాకాయి.

ఒకరోజు పోలమ్మ పందిరి కింద కూర్చుని అంబలి తాగుతుంటే గిన్నెలో పొట్టు రాలింది. తలెత్తి చూసింది. ఒక నల్ల తుమ్మెద గడకు గుండ్రంగా చిల్లు పెడుతోంది.

"ఓసి నీ దుంప తెగ! నా అంబలిలోనా పోస్తావు పొట్టు?" అని కొడవలి ఎత్తింది.

"అమ్మా, అమ్మా, ఆగు! నా పిల్లలకు లోపల ఇల్లు కట్టుకుంటున్నాను" అంది తుమ్మెద.

పిల్లల మాటెత్తితే పోలమ్మ మనసు వెన్నైపోతుంది. కొడవలి దించేసింది. "సరేలే, కట్టుకో. నేనే గిన్నె పక్కకు జరుపుకుంటా" అంది.

కొన్నాళ్లకు గాలివానకు ఆ గడ ఒరిగింది. అప్పటికి మిగతా గడలకూ చిల్లులే. దాలినాయుడు చూడ్డానికి వచ్చి పగలబడి నవ్వాడు.

"వదినా, ఇది పందిరా, పిల్లనగ్రోవుల కొట్టా? నా తోట చూడు, పురుగన్నది వాలదు. రోజూ పొగాకు కషాయం కొట్టిస్తున్నా. ఈ గడలు పొయ్యిలో పెట్టు, రేపే రాళ్లు పంపిస్తా."

"రాయిలో ఇల్లు కట్టుకోలేదురా నాయనా, ఆ పిచ్చితల్లి" అంది పోలమ్మ. ఒరిగిన గడను తీసేయకుండా దాని పక్కనే కొత్త గడ పాతి, రెంటినీ నారతో కట్టింది.

ఇక పూత కాలం వచ్చింది. రాజుగారి తోటల పెద్ద వచ్చాడు. చిల్లుల గడలు చూసి మండిపడ్డాడు.

"ఏమ్మా, రాజుగారి పంటకు ఈ పుచ్చు గడలా? వీటిని ఇప్పుడే కాల్చెయ్. లేదంటే వాలు నీ మరిదికి ఇచ్చేస్తాను."

పోలమ్మ కళ్లనీళ్లతో గడ దగ్గరికెళ్లి, "పోవే తల్లీ, ఇంకెక్కడికన్నా పో" అంది.

"పోతానమ్మా. పూలు విచ్చేదాకా మాత్రం ఆగు. ఆయన్నీ ఆగమను" అంది తుమ్మెద.

పోలమ్మ కళ్లు తుడుచుకుంది. "అయ్యా, ఎండన పడి వచ్చారు. రెండు ముద్దలు తినండి. మధ్యాహ్నం తర్వాత మీరెలా చెబితే అలాగే" అంది. ఆకలి మీదున్న పెద్దమనిషి కాదనలేదు.

సూర్యుడు నడినెత్తికొచ్చాడు. పందిరంతా ఒక్కసారిగా పూలు విచ్చాయి. ఝుమ్మంటూ ప్రతి చిల్లులోంచీ ఒక తుమ్మెద బయటికొచ్చింది! వీపు నిండా పసుపు పుప్పొడి పూసుకుని ఈ తీగ నుంచి ఆ తీగకు, ఆ తీగ నుంచి ఇంకో తీగకు తిరిగాయి. ఈ పువ్వు విచ్చేది ఒక్క పూటే. ఆ పూటలో పక్క తీగ పుప్పొడి అందకపోతే ముడుచుకుని రాలిపోతుంది.

తోటల పెద్ద కంచం పక్కన పెట్టి లేచాడు. "సరే, కాపుదాకా చూస్తాను. కాయ తగ్గిందో, వాలు పోయినట్టే" అని వెళ్లిపోయాడు.

రెండు నెలలు దాటాయి. ఆ పండును కొయ్యకూడదు. పండితే దానంతటదే రాలుతుంది, ఏరుకోవడమే మన పని. రోజూ తెల్లవారేసరికి పోలమ్మ పందిరి కింద టపటపా ఒకటే చప్పుడు. గంపలు నిండాయి, బండ్లు కదిలాయి.

గుట్ట అవతల మాత్రం ఎండిన పూలే తప్ప ఒక్క కాయ లేదు. "షరతు ప్రకారం ఆ వాలు కూడా నీదేనమ్మా" అన్నాడు తోటల పెద్ద.

దాలినాయుడు తల వంచుకుని నిలబడ్డాడు. "కషాయం కొట్టని రోజు లేదు వదినా. ఎక్కడ తప్పాను?"

పోలమ్మ జంటగా కట్టిన గడల్లో చిల్లుల గడను విప్పి, భుజానికెత్తుకుని గుట్టెక్కి అవతలి తోటకు నడిచింది; వాళ్లిద్దరూ వెనకే వెళ్లారు.

"ముందు ఆ కషాయం పారబొయ్యరా. ఆ తర్వాత గొయ్యి తియ్యి" అంది.

"మరి షరతో?" అన్నాడు తోటల పెద్ద.

"ఇంకొక్క కాపు ఆగండయ్యా. ఆరోజు నా కోసం మధ్యాహ్నం దాకా ఆగలేదూ?"

తోటల పెద్ద నవ్వేసి సరేనన్నాడు. గడ పాతిపెట్టారు. కాసేపటికి దాలినాయుడి మీసాల మీద సన్నగా పొట్టు రాలింది. అతను దులుపుకోలేదు.

"కానివ్వు తల్లీ, నిదానంగా కట్టుకో" అన్నాడు పైకి చూస్తూ.

విన్నారా పిల్లలూ, తీగ నాటేది మనమే అయినా కాయ కట్టించేవాళ్లు వేరే ఉంటారు. వాళ్ల గూడు నిలబెట్టినవారి పందిరే పండ్లతో నిండుతుంది.